రావణుడు లేని లంక

మా మండలంలోని బడులన్నీ కలిసి ఒక ప్రదర్శన పెట్టాలనీ, ఒక్కో బడి ఒక్కో పొరుగు దేశం గురించి పిల్లల చేతే చెప్పించాలనీ పైనుంచి మాట వచ్చింది. ఏ బడికి ఏ దేశమో తేల్చడానికి పుత్తూరులో చీటీలు తీశారు. మా హెడ్మాస్టరు పోయి తెచ్చిన చీటీలో శ్రీలంక అని ఉంది. ఆయన స్కూటరు దిగుతూనే దాన్ని నా చేతికిచ్చి, "మనకు సులభమైందే వచ్చింది మేడం. నీళ్ళ మధ్యలో ఒక మామిడికాయ గీస్తే చాలు" అన్నాడు.

మాది తిరుపతి నుంచి మద్రాసు పోయే రోడ్డు దిగి కొంచెం లోపలికి వస్తే ఉండే ఊరు. చిన్న బడి. ఆయనా నేనూ ఇద్దరమే టీచర్లం. ఐదో తరగతి నాది. నేను మదనపల్లె వైపు పుట్టి పెరిగినదాన్ని, బదిలీ మీద ఈ పక్కకు వచ్చాను. మా వైపు సంతల్లో కన్నడం వినిపిస్తుంది. ఇక్కడ తెలుగు ఎంతో తమిళమూ అంతే. ఇంటిలో ఒకటి, అంగట్లో ఒకటి మాట్లాడేవాళ్ళు ఎక్కువ.

శ్రీలంక అనగానే తరగతి సంతోషపడింది. సగం మంది క్రికెట్ అన్నారు, మిగతా సగం రావణుడు అన్నారు. ఇంటికి పోయి పెద్దవాళ్ళను అడిగి, ఫోనులో వెతికి, తెలిసింది రాసుకు రమ్మన్నాను.

మా తరగతిలో అందరికంటే ఎక్కువ మాట్లాడేవాడు ఒకడున్నాడు. వాణ్ణి ఊరంతా వకీలు అంటుంది. మరునాడు వాడు ఎవరూ రాయనంత రాసుకొచ్చాడు. వాళ్ళ నాయన ఫోను నోటి దగ్గర పెట్టుకుని 'శ్రీలంక యుద్ధం' అని అడిగాడట. లేచి నిలబడి గట్టిగా చదివాడు. శ్రీలంకలో ఒక పెద్ద యుద్ధం జరిగింది. కోతులు సముద్రం మీద వంతెన కట్టినాయి. ఒకాయన నిద్ర లేస్తే బండ్ల కొద్దీ అన్నం తినేవాడు.

"ఇది ఎప్పుడు జరిగింది నాయనా?" అని అడిగాను.

"మొన్ననే మేడం. వీడియో పెట్టి నాలుగు రోజులు కూడా కాలేదు" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే చాలామంది అదే రాసుకొచ్చారు. కిటికీ పక్కన కూర్చునే ఒక పాప మాత్రం తన కాగితం కేసే చూసుకుంటూ ఉంది. ఏం రాశావని అడిగితే లేచింది. "మా మామ ఫోనులో వెతికినాము మేడం. దాంట్లో కోతులు లేవు. తుపాకులు ఉండాయి. ఇండ్లు కాలిపోయి ఉండాయి. ఇది యా యుద్ధం?"

చెప్పక తప్పలేదు. "అది వాళ్ళలో వాళ్ళకు జరిగిన యుద్ధం. ఒకే దేశంలో వాళ్ళు రెండు పక్కలై కొట్టుకుంటే దాన్ని అంతర్యుద్ధం అంటారు. మీ అమ్మానాయనలు చిన్నపిల్లలుగా ఉన్నప్పటి నుంచీ జరిగింది. పాతికేళ్ళకు పైన జరిగి, మీరు పుట్టకముందే ముగిసింది."

తర్వాత చేతులు లేచాయి. వాళ్ళలో వాళ్ళంటే అన్నదమ్ములా? మిలిటరీ యా పక్క ఉండాది? ఆ దినాల్లో బడి ఉండిందా, సెలవా? కుక్కలు ఏం చేసినాయి? క్రికెట్ ఎట్లా ఆడినారు? కనుక్కుందాం అన్నాను. ఆ మాటతో మా ప్రదర్శన దారి మళ్ళింది. రావణుణ్ణీ క్రికెట్టునూ పిల్లలే పక్కన పెట్టేశారు.

హెడ్మాస్టరుకు ఇది నచ్చలేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర నన్ను పక్కకు పిలిచాడు.

"పిల్లోళ్ళకు యుద్ధమెందుకు మేడం? టీ పొడి ఉండాది, ఏనుగులు ఉండాయి, ముత్యాలు ఉండాయి. అవి చెప్పుకుందాం."

"నేను పెట్టలేదు సార్. వాళ్ళే అడుగుతున్నారు."

"అడిగితే? నా మనవడు చందమామను అడుగుతాడు."

"చందమామ అయితే లేదని చెప్పొచ్చు. ఇది జరిగింది కదా సార్. మనం చెప్పకపోతే ఆ ఫోనే చెప్తుంది. దాంట్లో ఏం చూస్తారో మనకు తెలీదు."

ఆయన మజ్జిగ తాగి గ్లాసు కడిగేదాకా ఆలోచించాడు. "సరే. నెత్తురు బొమ్మలు మాత్రం వద్దు. ఒక్క నెత్తురు చుక్క కనపడినా చార్టు చించేస్తా" అన్నాడు. ఆ మాట మేము చివరిదాకా తప్పలేదు.

ఆ సాయంత్రం బడి వదిలాక ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఒకతి సంచి సర్దుకుంటూ నిలబడిపోయింది. అది పిలిస్తే తప్ప మాట్లాడే పిల్ల కాదు.

"మేడం, మా అవ్వ ఆడనే పుట్టింది."

"యాడ?"

"శ్రీలంకలో."

వాకిట్లో ఉన్న వకీలు వెనక్కి తిరిగి వచ్చాడు. "అబద్ధం మేడం. వాళ్ళవ్వ మిల్లు కాలనీలో ఉండాది. నేను రోజూ సూస్తా."

"పుట్టింది ఆడ. ఉండేది ఈడ" అని ఆ పిల్ల నిదానంగా చెప్పి ఇంటికి పోయింది.

అవ్వను కలవడానికి ముందు ఇంకో సంగతి జరిగింది. యుద్ధం ఎందుకొచ్చిందని పిల్లలు రోజూ నన్ను పట్టుకుంటున్నారు. నేను నాకు దొరికిన పుస్తకాలు చదివి, కారణాలు చాలా ఉన్నాయని, వాటిలో ఒకటి భాష అనీ చెప్పాను. అక్కడ సింహళం మాట్లాడేవాళ్ళు ఎక్కువ, తమిళం మాట్లాడేవాళ్ళు తక్కువ. స్వతంత్రం వచ్చిన కొన్నేళ్ళకు ఆఫీసుల్లో సింహళమే ఉండాలని చట్టం చేశారు. తమిళం వాళ్ళకు ఉద్యోగాల్లో, కాగితాల్లో చాలా కష్టమైంది. చివరికి వాళ్ళలో కొందరు తుపాకులు పట్టారు. ఇంతా చెప్తే వకీలు నమ్మలేదు. "మాట కోసరం ఎవరన్నా బాధపడతారా మేడం? తెలీకపోతే నేర్చుకుంటే పోలా?"

అనుభవం మీద చూపిద్దామనుకున్నాను. మరునాడు ప్రార్థన నుంచి అన్నం గంట దాకా తరగతిలో తమిళం తప్ప ఇంకో మాట వినపడకూడదు అని చట్టం పెట్టాను. తెలుగు ఇండ్ల పిల్లలు తడబడతారు, అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడదాం అని నా లెక్క.

ఒక్కరూ తడబడలేదు. తెలుగు ఇండ్లవాళ్ళు కూడా తమిళం టీవీ చూసి, పక్కింటివాళ్ళతో ఆడుకుని, నగరి సంతకు పోయి, నీళ్ళు తాగినట్టు మాట్లాడుతున్నారు. హాజరు తమిళంలో పలికారు. లెక్కలు తమిళంలో చెప్పుకున్నారు. నన్ను చూసి ఏదో అనుకుని నవ్వుకున్నారు, అదీ తమిళంలోనే. నా తరగతిలో నేను ఒక్కదాన్నే చేతిలో సుద్దముక్క పట్టుకుని ఊరుకున్నాను. ఒక పాప లేచి ఏదో అడిగింది. నాకు తెలిసిన తమిళం ముక్క ఒకటే. "ఉక్కారు" అన్నాను, కూర్చోమని. అది కూర్చుంది. మళ్ళీ లేచి అడిగింది. మళ్ళీ ఉక్కారు అన్నాను. మూడోసారి దాని మొహం చూసి తరగతి మొత్తం ఒక్క గొంతుతో, "మేడం, అది బాత్రూముకు పోవాలంట" అని తెలుగులో అరిచింది. చట్టం అక్కడితో రద్దయింది.

పిల్లలను అడగాలని నేను రాసిపెట్టుకున్న ప్రశ్నను వాళ్ళే నన్ను అడిగారు. "మీకెట్లా ఉండింది మేడం?"

"నా ఇంటికి నేనే చుట్టంగా వచ్చినట్టు ఉండింది" అన్నాను. నిజంగానే అట్లా ఉండింది. అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారేమో అని మధ్యలో కొంచెం కోపం కూడా వచ్చింది. అదీ చెప్పాను.

వకీలు అది రాసుకున్నాడు. ఆ వాక్యం తర్వాత చార్టు మీదికి ఎక్కింది. "భాష తెలియకపోతే మా మేడమే బిక్కమొగం వేసినారు. ఆమెకు కోపం కూడా వచ్చింది. ఒక్క పూటకే ఇట్లా ఉంటే రోజూ అయితే ఇంకా ఎక్కువ వస్తుంది." నేను తీసేయమనలేదు. హెడ్మాస్టరు అయితే దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

ఆ వారంలోనే మిల్లు కాలనీకి పోయాను. అవ్వ ఇల్లు చివరి వరసలో ఉంది. అరవై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉంటుంది. దారం మిల్లులో పనిచేసి మానుకుంది. చేటలో బియ్యం పెట్టుకుని రాళ్ళు ఏరుతూ నా మాట విన్నది.

"అదంతా పిల్లోళ్ళకు ఎందుకమ్మా" అన్నది మొదట. తర్వాత, "నాకు సదువు రాదు. ఏదన్నా తప్పు చెప్తే మీకు మార్కులు పోతాయే" అన్నది.

"మార్కులు లేవవ్వా. నువ్వు చూసింది చెప్తే చాలు. చెప్పడం కష్టంగా ఉంటే చెప్పొద్దు, టీ తోటల గురించి చెప్పు."

ఆమె మనవరాలి వైపు చూసింది. ఆ పిల్ల గడప మీద కూర్చుని తన జడ కొస నోట్లో పెట్టుకుని ఉంది. "వీళ్ళు నమ్మలేదంట గదా, నేను ఆడ పుట్టినానంటే" అన్నది అవ్వ. "వస్తా. నమ్మించే పోతా."

బడికి వచ్చేటప్పుడు ఇస్త్రీ చీర కట్టుకుని, స్టీలు డబ్బాలో ఏదో పట్టుకొచ్చింది. ముందు అది తినాలని, తర్వాతే మాటలనీ చెప్పింది. టెంకాయ తురుము, ఎర్ర మిరపకాయలు, ఎర్రగడ్డలు కలిపి దంచి నిమ్మరసం పిండిన పచ్చడి. వాళ్ళ తోటల్లో రొట్టెకు అదే కూర అట. ఒక పిల్ల నాలుకకు రాసుకుని, "అవ్వా, ఇది మా ఇంట్లో ఊరిబిండే" అన్నది. "అంతేలే. ఊరు ఏదైతే ఏమి, టెంకాయ టెంకాయే" అన్నది అవ్వ.

ఆమె చెప్పిన కథ సులభంగా ఉంది. ఆమె ముత్తాతలది తమిళ దేశం. తెల్లవాళ్ళు టీ తోటలు వేసి, పనికి మనుషులను ఓడల్లో తీసుకుపోయారు. కొండల మీద ఒకే పొడవాటి గోడకు వరసగా గదులు. ఒక గదికి ఒక కుటుంబం. అమ్మ తెల్లారేసరికి బుట్ట వీపుకు తగిలించుకుని లేత ఆకు గిల్లడానికి పోయేది. ఈమె కూడా చిన్నప్పుడే ఆ పనికి పోయింది. తోటలో జలగలు ఉండేవి. కాళ్ళకు సబ్బు రుద్దుకుని పోయినా పట్టుకునేవి.

జలగల దగ్గర కథ చాలాసేపు ఆగిపోయింది. అవి ఎంత పొడుగు, ఎట్లా పీకాలి, నొప్పి ఉంటుందా, ఇంటికి కూడా వస్తాయా అని పిల్లలు వదలలేదు. యుద్ధం గురించి అడగండి అని నేను గుర్తు చేయాల్సి వచ్చింది.

"యుద్ధం రాకముందే మమ్మల్ని పంపించేసినారు" అన్నది అవ్వ. "స్వతంత్రం వచ్చినాక మీరు ఈ దేశమోళ్ళు కాదు అనె ఆ గవర్మెంటు. ఈడ గవర్మెంటుతో మాట్లాడుకుని, ఇంతమంది ఆడ, ఇంతమంది ఈడ అని పంచుకున్నారు. మా నాయన చెయ్యి పట్టుకుని ఓడ ఎక్కినా. అప్పుడు నాకు పదిహేను ఏండ్లు ఉంటాయి. దిగినాక ఈడ మిల్లులో పని ఇచ్చి పెట్టినారు."

"ఓడలో బయమేసిందా అవ్వా?"

"బయానికి టైం యాడ ఉండాది? ఎక్కినప్పటి నుంచి దిగేదాకా వాంతులే."

పిల్లలు హాయిగా నవ్వారు. అవ్వ కూడా నవ్వి, మిగతాది చెప్పింది. వాళ్ళ అక్కకు అప్పటికే పెళ్ళయింది. అక్క అక్కడే ఉండిపోయింది. తర్వాత తమిళం వాళ్ళ మీద పెద్ద గొడవలొచ్చి, పట్నంలో అక్క వాళ్ళ ఇల్లు కాల్చేశారు. అక్క పిల్లలను తీసుకుని పారిపోయి బతికింది. చాలాకాలం ఆమె ఉన్నదో లేదో కూడా వీళ్ళకు తెలియలేదు. ఒకరోజు మిల్లుకు ఫోను వచ్చింది. సూపర్వైజరు పిలిస్తే పరిగెత్తుకుని పోయి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఇద్దరూ ఏడ్చారు తప్ప ఒక్క మాట మాట్లాడుకోలేదు.

కిటికీ అవతల హెడ్మాస్టరు నిలబడి వింటున్నాడని అప్పుడు చూశాను.

వకీలు చెయ్యెత్తాడు. "అవ్వా, తప్పు ఎవరిది?"

"నాకు తెలిసుంటే నేనే పోయి నాలుగు తన్ని వచ్చి ఉందును గదప్పా" అన్నది అవ్వ.

ఆమె పోయాక పిల్లలు చార్టులు రాయడానికి కూర్చున్నారు. వకీలు మాత్రం కలం మూసేశాడు. "మేడం, మా ఊర్లో పంచాయతీ అయితే రెండు పక్కలా కూసోబెట్టి ఇంటారు. మనం ఒక పక్కే ఇన్నాము. సింహళమోళ్ళు యాడ దొరుకుతారు?"

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఒకడు క్రికెట్ ఆటగాడికి ఉత్తరం రాద్దామన్నాడు. ఒక పాప రేణిగుంట విమానాల దగ్గర బోర్డు పట్టుకుని నిలబడదామన్నది. ఇంట్లో ఈ మాట చెప్పి నవ్వుకుంటుంటే నా మరిది విన్నాడు. అతను కారు నడుపుతాడు. మద్రాసు విమానాశ్రయం నుంచి తిరుమలకు, కాళహస్తికి యాత్రికులను తిప్పుతుంటాడు.

ఒక ఆదివారం పొద్దున అతని నుంచి ఫోను వచ్చింది. "వదినా, మీ పిల్లోళ్ళకు సింహళమోళ్ళు కావాల అంటా ఉండారే. నా కారులో ఇద్దరు ఉండారు, భార్యాభర్తలు. ఆమె కొండ మెట్ల మీద జారింది, మణికట్టు మెలిపడింది. కట్టు కట్టిస్తామని పుత్తూరు తీసుకొచ్చినా. ఈడ జనం చానా ఉండారు, టైం పడతాది. నువ్వు బిరీన రా."

"వాళ్ళను అడిగావా? నొప్పితో ఉన్న మనిషి దగ్గరికి పిల్లలను ఎట్లా తెచ్చేది?"

"అడిగినా. పిల్లోళ్ళయితే రమ్మని ఆమే చెప్పింది. నొప్పి మరిచిపోవచ్చునంట."

దగ్గర్లో ఉన్న పిల్లల ఇండ్లకు పోయి, పెద్దవాళ్ళకు చెప్పి, వకీలునూ కిటికీ పక్క పాపనూ తీసుకున్నాను. రెండు జడల పిల్ల కోసం మిల్లు కాలనీకి పోతే అవ్వ చీర మార్చుకుని సిద్ధంగా నిలబడింది. "నేనూ వస్తా" అన్నది. ఎందుకని నేను అడగలేదు. కానీ ఆటోలో దారి పొడుగునా నాకు గుబులుగానే ఉండింది. ఆమె మొహంలో ఏమీ తెలియడం లేదు.

ఎముకలకు ఆకు కట్టు కట్టేవాళ్ళ ఇంటి ముందు రేకుల షెడ్డు కింద బల్లలు వేసి ఉన్నాయి. కాళ్ళు చాపుకున్నవాళ్ళు, చేతులు మెడకు వేలాడదీసుకున్నవాళ్ళు, వాళ్ళకు విసిరేవాళ్ళు. ఒక చివర నా మరిది పక్కన ఆ ఇద్దరూ కూర్చుని ఉన్నారు. యాభై దాటిన మనుషులు. ఆయన పోస్టాఫీసులో పని చేస్తాడట. ఉద్యోగం మీద వాళ్ళ దేశం ఉత్తరాన, తమిళం వాళ్ళు ఎక్కువగా ఉండే వైపు ఉన్నప్పుడు నేర్చుకున్న తమిళం కొంచెం మాట్లాడతాడు. ఆమెకు సింహళం ఒక్కటే. అప్పటికే కట్టు అయిపోయింది. ఆకు పసరు వాసన వేస్తున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని పంటి బిగువున కూర్చుని ఉంది.

అవ్వ నేరుగా ఆమె ముందుకు పోయి నిలబడింది. నేను ఏదో అనబోయేలోపల అవ్వ నోట్లోంచి "కొహొమద?" అని వచ్చింది. బాగున్నావా అని.

ఆమె తలెత్తి చూసింది. ఏదో అడిగింది. అవ్వ తడుముకుంటూ జవాబు చెప్పింది. ఆమె మళ్ళీ ఏదో అడిగింది. అవ్వ ఈసారి తడుముకోలేదు. చూస్తుండగానే అవ్వ బల్ల మీద కూర్చుంది, ఆమె జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళు పూర్తి కానివ్వకుండా మాట్లాడుతున్నారు. ఆమె మధ్యలో నొప్పి చేతిని మరిచి పైకెత్తి, అబ్బా అని దించి, నవ్వింది. ఎందుకు నవ్వుతోందని నేను ఆయన్ను అడిగితే ఇట్లా చెప్పాడు. అవ్వ మాట్లాడేది ఎప్పటిదో పాతకాలం సింహళం. అదీ అంగడికి పంపిన చిన్నపిల్ల మాట్లాడినట్టు ఉందట. ఇంత పెద్దామె అట్లా మాట్లాడుతుంటే చాలా ముద్దుగా ఉందట.

వకీలు నా కొంగు లాగాడు. గొంతు తగ్గించి, "వీళ్ళు కొట్టుకోరా మేడం?" అన్నాడు. కొంచెం నిరాశగానే అడిగాడు.

పిల్లలు ప్రశ్నలు మొదలుపెట్టారు. వాళ్ళు తమిళంలో అడిగితే ఆయన సింహళంలో ఆమెకు చెప్పి, ఆమె జవాబు మళ్ళీ తమిళంలో చెప్పేవాడు. నా కోసం కిటికీ పక్క పాప తెలుగు చేసింది. యుద్ధంలో బడికి సెలవులు ఇచ్చినారా అన్నదానికి ఆయనే జవాబిచ్చాడు. ఆయన చదువుకునే రోజుల్లో గొడవలకు బడి మూసేసేవారట. మొదటి రోజు గంతులు వేశాం, తర్వాత అమ్మ వాకిలి దాటనివ్వలేదు, చివరికి బడి కావాలని ఏడ్చాం అన్నాడు. పిల్లలు దాన్ని అంత సులభంగా నమ్మలేదు. నిజమేనా అని రెండోసారి అడిగారు.

ఆమె తన తమ్ముడి గురించి చెప్పింది. ఇంట్లో జరగక పటాలంలో చేరాడు. అతను తిరిగి వచ్చేదాకా వాళ్ళమ్మ రాత్రి పూట వీధి తలుపు గడియ పెట్టనివ్వలేదు. వచ్చాడు. బాంబు మోతకు ఒక చెవి పోయింది. ఇప్పుడు రొట్టెల బేకరీ పెట్టుకున్నాడు. ఫోనులో అరుస్తాడు, వీధి వీధంతా వాళ్ళ ఇంటి సంగతులే. ఆ మాటకు నవ్వింది. తర్వాత అవ్వ వైపు తిరిగి, నీ వాళ్ళ సంగతేమని కాబోలు, ఏదో అడిగింది. అవ్వ తన అక్క ఇంటి సంగతి చెప్పినట్టుంది. ఆమె నవ్వు పోయింది. బాగున్న చెయ్యి అవ్వ మోకాలి మీద వేసి అట్లాగే ఉంచింది.

రెండు జడల పిల్ల వాళ్ళవ్వ చెవిలో అడిగింది, అందరికీ వినపడింది. "నీకు ఈమె మీద కోపం లేదా?"

"కోపం ఉండాది" అన్నది అవ్వ, దాచుకోకుండా. "ఈమె మీద కాదు. ఈమె ఏం చేసె? ఎవురి మీదనో ఉండాది. వాళ్ళు యాడ ఉండారో నాకు తెలీదు, తెలిసినా ఇప్పుడు ముసిలోళ్ళు అయిపోయింటారు."

పోయే ముందు పిల్లలు మాటలు అడిగి రాసుకున్నారు. అమ్మను సింహళంలో ఏమంటారు? అమ్మా. అక్కను? అక్కా. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బెండకాయను బండక్కా అంటారట. నాయనను తాత్తా అంటారట. "అయితే తాతను ఏమంటారో" అని వకీలు అడిగేలోపల నా మరిది కారు తీశాడు. ఆమె కిటికీలోంచి బాగున్న చేతిని ఊపింది. అవ్వ కారు కనపడినంతసేపూ నిలబడి, "ఆ పచ్చడిలో ఎండు చేప పొడి వేయాలంట. నేను మరిచేపోయినా" అన్నది.

ప్రదర్శన రోజున పుత్తూరు హైస్కూలు హాలులో మా బల్ల మూలకు వచ్చింది. మామిడికాయ ఆకారం దీవిని హెడ్మాస్టరే గీశాడు. ఒక చార్టులో ఒకే రకంగా ఉండే మాటలు మూడు భాషల్లో. ఒకదాంట్లో అవ్వ కథ, ఒకదాంట్లో బేకరీ తమ్ముడి కథ, ఒకదాంట్లో నా బిక్కమొగం కథ. అన్నిటికంటే పెద్ద చార్టుకు పిల్లలు 'మాకు ఇంకా తెలియనివి' అని పేరు పెట్టారు. కుక్కల ప్రశ్న దాంట్లోనే ఉంది. అవ్వను కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టాము. మొదట కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నానికి స్కేలు చేతిలోకి తీసుకుని, ఓడ ఎక్కిన చోటూ దిగిన చోటూ వచ్చినవాళ్ళకు చూపిస్తూ ఉంది.

బహుమతులు తేల్చే పెద్దాయన వచ్చి చార్టులన్నీ చదివాడు. "మరి ఎవరు గెలిచినారమ్మా?" అని అడిగాడు.

వకీలు నోరు తెరిచేలోపల రెండు జడల పిల్ల ముందుకొచ్చింది. "ప్రభుత్వ సైన్యం గెలిచింది సార్. కానీ చచ్చిపోయినోళ్ళు రెండు పక్కలా ఉండారు. ఎంతమంది అని వెతికితే ఒక్కో చోట ఒక్కో లెక్క ఉండాది. అందుకని మేము రాయలేదు."

"తప్పు ఎవరిది?"

"దానికి మాకు ఇంకా టైం కావాల సార్" అన్నాడు వకీలు.

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెద్ద చార్టు ముందు ఇంకాసేపు నిలబడి వెళ్ళాడు. మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది మాల్దీవులు చేసిన బడికి పోయింది. వాళ్ళు గాజు తొట్టిలో నీళ్ళు పోసి బతికున్న చేపలను వదిలారు. మా పిల్లలు దానికి బాధపడలేదు, ఎందుకంటే వాళ్ళూ సగం రోజు ఆ చేపల దగ్గరే ఉన్నారు.

సాయంత్రం బస్టాండు దగ్గర హెడ్మాస్టరు అందరికీ వేడి బోండాలు ఇప్పించాడు. చార్టులు చుట్టి చంకలో పెట్టుకుని పిల్లలు తింటూ వచ్చే ఏడు ఏ దేశం అని వాదించుకుంటున్నారు. నేపాల్ అన్నారు ఎక్కువమంది.

"సార్, నేపాల్‌లో కూడా వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్నారా?" అని అడిగింది కిటికీ పక్క పాప.

హెడ్మాస్టరు బోండా నమిలి మింగి, నా వైపు ఒకసారి చూసి, "కొట్టుకున్నారు పాపా. దాని గురించీ కనుక్కోవాల్సిందే" అన్నాడు. నెత్తురు చుక్కల ఊసు ఎత్తలేదు.

"అవ్వా, నువ్వూ రావాల" అన్నాడు వకీలు.

"నేను నేపాలు ఎప్పుడు పోతినప్పా? నాకేం తెలుసు?"

"మాకూ తెలీదు గదా" అన్నాడు వాడు, ఇంకో బోండా అందుకుంటూ. "కలిసి అడుగుదాం."

అవ్వ సరేనన్నది. బస్సు వచ్చింది. పిల్లలు అవ్వకు కిటికీ పక్క సీటు పట్టడానికి తోసుకుంటూ ఎక్కారు.